పులి కనబడ్డదంటే చెప్పుడెవరికి, నమ్ముడెట్ల?

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో పాలకవర్గం తరఫున చేసిన ప్రసంగం. సభలో మాట్లాడిన మాట మాట్లాడినట్టే అచ్చు వేస్తున్నాము.)



పొదుపుల లెక్క, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి వసూళ్లు ఇంతసేపు కార్యదర్శి అక్క చదివింది. మీ చేతుల్లో ఉన్న పుస్తకంలో అవన్నీ పట్టికలుగా ఉన్నాయి. ఏ పట్టికలోనూ ఎక్కని సంగతి ఒకటి ఉన్నది. పాలకవర్గంలో రెండు నెలలు దాని మీదనే మాట్లాడుకున్నం. ఈ ఏడు దాన్ని కూడా నివేదికలో పెట్టాలె, మహాసభ ముందర చెప్పాలె అని తీర్మానం చేసుకున్నం. అది పులి సంగతి.

నవ్వకండ్రి. వెనుక కూర్చున్న అక్కలు నవ్వుతలేరు, వాళ్లకు తెలుసు.

పోయిన చలికాలం నుంచి ఏ ఊరి సంఘం మీటింగుకు పోయినా పొదుపు పైసలు లెక్కపెట్టక ముందే ఒక మాట లేస్తున్నది. "అక్కా, పులి కనబడ్డదంట గదా!" ఎవరికి కనబడ్డది? "అందరు అంటున్నరు." ఎక్కడ? "వాగవుతల." ఎప్పుడు? "నిన్ననో మొన్ననో." ఈ మూడు జవాబులతోటి ఊరు ఊరంతా నాలుగు రోజులు చేనుకు పోకుండా కూర్చున్నది. ఇంకో ఊర్లో, నిజంగా కండ్లతోటి చూసిన మనిషి నోరు తెరవలేదు. ఆ చేన్లకే మర్నాడు పది మంది పత్తి ఏరబోయిండ్రు. మొదటిదాంట్ల కూలి పోయింది. రెండోదాంట్ల ఏం పోయేదో మనందరికీ తెలుసు. మన జిల్లాలో అది జరగని ముచ్చట కాదు.

2020 నవంబరు 11న దహెగాం మండలం దిగిడ కాడ ఒక యువకుణ్ణి పులి చంపింది. అదే నెల 29న పెంచికల్‌పేట మండలం కొండపల్లిలో పత్తి చేన్లో ఉన్న ఆడపిల్లను చంపింది. నాలుగేండ్లు గడిచినంక, 2024 నవంబరు 29న, కాగజ్‌నగర్ మండలం గన్నారం దిక్కు పత్తి ఏరబోయిన యువతి చనిపోయింది. తెల్లారే సిర్పూర్ మండలం దుబ్బగూడ కాడ చేన్లో ఉన్న రైతు మీద పడ్డది, ఆయన బతికి బయటపడ్డడు. ఈ తారీఖులు మీరు ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండ్రి. అన్నీ నవంబరే. చాలావరకు పత్తి చేన్లే. చనిపోయిన ఇద్దరు ఆడపిల్లలూ మన లెక్క కూలికి, చేను పనికి వంగినవాళ్లే.

ఎందుకట్లా అని మేము అటవీ శాఖ వాళ్లను అడిగినం, జంతువుల జాడలు చూసే ట్రాకర్లను అడిగినం, గూడెం పెద్దమనుషులను అడిగినం. వాళ్లు చెప్పింది మనకు తెలిసిన దాంతోటి కలిపి చెప్తం.

మన దగ్గరి పులులు చాలావరకు మహారాష్ట్ర దిక్కు నుంచి వచ్చినవి, లేకుంటే వచ్చినవాటి పిల్లలు. అవుతల తాడోబా ఉన్నది, తిప్పేశ్వర్ ఉన్నది. అక్కడ పులులు పెరిగినయి, జాగ చాలుతలేదు. ఈడుకొచ్చిన పులి తన జాగ తాను వెతుక్కోవాలె, తల్లి దగ్గర ఉండనియ్యదు. పెన్‌గంగ, ప్రాణహిత దాటి ఇటు వస్తయి. కవ్వాల్‌ను 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించిండ్రు. పులులు అక్కడిదాకా పోయి కూర్చుంటయని కాయిదం మీద లెక్క. కానీ వాటికి కాగజ్‌నగర్ అడవులు దారిలోనే తగులుతయి. నీళ్లున్నయి, పందులున్నయి, దుప్పులున్నయి. చానా పులులు ఇక్కడనే ఆగుతున్నయి. ఫాల్గుణ అని పేరు పెట్టిన ఆడపులి ఇక్కడనే పిల్లలను పెట్టి పెంచింది. అంటే అభయారణ్యంలో ఉండాల్సిన పులి మన చేన్ల గట్టు మీద ఉన్నది. అభయారణ్యంలో ఊర్లకు ఏవో ఏర్పాట్లుంటయి, ఇక్కడ మన ఊర్లకు ఏర్పాటు మనమే.

ఇగ చలికాలం ముచ్చట. చలి మొదలైతే మగపులి జత కోసం తిరుగుతది. 2024 చలికాలంలోనే జానీ అని పేరు పెట్టిన మగపులి ఒకటి మహారాష్ట్ర కిన్వట్ వైపు నుంచి నిర్మల్, ఆదిలాబాద్ జిల్లాలల్ల రోజులకొద్ది నడిచిన సంగతి పేపర్లల్ల చూసిండ్రు. అది తిరిగే నెలలూ, మనం పత్తి ఏరే నెలలూ ఒక్కటే. పత్తి ఎదిగితే మనిషి నడుముల దాకా, కొన్ని చేన్లల్ల రొమ్ము దాకా వస్తది. పులి పండుకోవడానికి అడవికీ పత్తి చేనుకూ పెద్ద తేడా లేదు. మనం ఏరేటప్పుడు నిలబడి ఏరం గదా, వంగి ఏరుతం. వంగిన మనిషి ఎనుక నుంచి చూసే జంతువుకు మనిషి లెక్క కనబడదు, నాలుగు కాళ్ల జీవం లెక్క కనబడతది. నిలబడి నడిచే మనిషిని చూస్తే పులి చానాసార్లు పక్కకు తొలగిపోతది. ఇది తెలిసినంక మాకు ఒక మాట అర్థమైంది. పులికి మనిషి మీద పగ లేదు. మన పనే మనల్ని దాని ముందర వంచుతున్నది.

సరే, కనబడ్డదన్న ప్రతి జంతువూ పులేనా? కాదు. మన భాషలోనే చిక్కున్నది. చారలున్నదీ పులే, మచ్చలున్నదీ పులే. పెద్దపులి అని, చిరుతపులి అని విడదీసి చెప్పేటంత ఓపిక భయపడ్డ మనిషికి ఉండదు. టీవీలల్ల ఇంకో అడుగు ముందుకుపోయి చిరుతను చీతా అంటరు. చీతా మన దేశంలో లేకుండా పోయి డెబ్బై ఏండ్లయింది, 2022లో ఆఫ్రికా నుంచి తెచ్చినవాటిని మధ్యప్రదేశ్‌లో వదిలిండ్రు. అది మన వాగు దాటి రాదు.

ఈ తేడా తెలుసుకునుడు సోకు కోసం కాదు. పెద్దపులి అయితే ఎడ్లు, బర్రెలు, పెద్ద జీవాలు. చిరుత అయితే కుక్కలు, మేకలు, లేగదూడలు. చిరుత చెట్టెక్కుతది, ఇంటి దొడ్డి దాకా వస్తది, ఊరి పక్కనే మూడు వారాలున్నా ఒక్కరికీ కనబడకుండ ఉంటది. అందుకే పెద్దపులి వచ్చిన ఊరు చేన్ల కాడ జాగ్రత్త పడాలె, చిరుత వచ్చిన ఊరు ఇంటి కాడ జాగ్రత్త పడాలె. ఒకదానికి చేసే జాగ్రత్త ఇంకోదానికి పనికిరాదు.

అడుగు చూసి చెప్పొచ్చు. బురదలనో, మెత్తటి దుమ్ములనో అడుగు గుండ్రంగ ఉండి గోర్ల గుర్తులు లేకుంటే అది పిల్లి జాతి, ఎందుకంటే పిల్లి నడిచేటప్పుడు గోర్లు లోపలికి ముడుచుకుంటది. గోర్ల గుర్తులు కనబడితే కుక్కనో, నక్కనో, దుమ్ములగొండినో. మన అరచేయి దాని మీద పెడితే చిరుత అడుగు అరచేతి లోపల ఇముడుతది, ఎదిగిన పెద్దపులి అడుగు అరచేయిని దాటుతది. చంపిన పశువును చూసి కూడా చెప్తరు. పెద్దపులి ఎక్కువగ ఎనుక తొడల కాడ తినుడు మొదలుపెడతది, చిరుత కడుపు, రొమ్ము కాడ. ఇవన్నీ గూడెం అవ్వలకు మనకన్నా ముందే తెలుసు. మేము వాళ్ల దగ్గర నేర్చుకుని, అటవీ శాఖ వాళ్లు చూపించిన బొమ్మల తోటి సరిచూసుకున్నం.

రాత్రిపూట బండి లైటుల కండ్లు మెరిసినయని చెప్పినవి చాలావరకు అడవిపిల్లులు, పునుగుపిల్లులు. ఊరి చివర కోళ్లను ఎత్తుకపోయేది ఎక్కువసార్లు అదే. దుమ్ములగొండిని చూసి చిరుత అన్నవాళ్లు ఉన్నరు. వాట్సాపుల వచ్చిన వీడియోలు అయితే, మేము చూసినంతల, మన మండలానివి కావు. ఒక వీడియోల రోడ్డు పక్క బోర్డు మీద రాతలు కన్నడంల ఉన్నయి. దాన్ని మన చెరువు కట్ట అని పంపిండ్రు, పిల్లలను నాలుగు రోజులు బడికి తోలలేదు.

అట్లని కనబడ్డదన్న మాటను తీసిపారేయొద్దు. 2024 ఏప్రిల్ ఆఖర్ల శంషాబాద్ విమానాశ్రయం గోడ దూకి చిరుత లోపలికి వచ్చింది. అంత కాపలా ఉన్న జాగ, అన్ని కెమెరాలున్న జాగ. బోనుల పడేటప్పటికి మే నెల వచ్చింది. అదే ఏడు సెప్టెంబరులో రాజమహేంద్రవరం పక్కన దివాన్‌చెరువు కాడ కనబడ్డ చిరుత అక్కడ ఇక్కడ తిరిగి కడియం నర్సరీల దాకా పోయి చిక్కింది, దాదాపు మూడు వారాలు పట్టింది. 2022లో కాకినాడ జిల్లా ప్రత్తిపాడు మండలంలోకి పెద్దపులి వచ్చినప్పుడు నెలకు పైగా బోన్లు పెట్టిండ్రు, అది ఒక్కదాంట్ల అడుగు పెట్టలేదు. పశువులను తిన్నది, తన దారిన అనకాపల్లి మీదుగ విజయనగరం దిక్కు పోయింది. అడవికి దూరంగ ఉన్నోళ్లు "మా దగ్గర పులేంది" అని నవ్వినంత మాత్రాన రాకుండ ఉండదు.

ఇప్పుడు అసలు మాటకు వస్తం. మేము ఊరూరు తిరిగి అడిగినప్పుడు తెలిసిందేమిటంటే, పులి కనబడ్డదన్న మాట ఊరికే పుట్టదు, ఊరికే ఆగదు. దాని ఎనుక ఎవరి లాభమో ఎవరి భయమో ఉంటది.

పత్తి ఏరే కాలం. కూలీలు దొరకరు. కిలోకు ఇంత అని మాట్లాడుకుని మేస్త్రీ పక్క ఊరి నుంచి ఆటోల ఎక్కించుకుని వస్తడు. చేను పక్కన అడుగులు పడ్డయని ఆసామికి తెలుసు. చెప్తే ఎవరూ దిగరు, పత్తి వానకు తడుస్తది. అందుకని చెప్పడు. మేస్త్రీకీ తెలుసు, కమీషన్ పోతదని చెప్పడు. పక్క ఊరి కూలామెకు మాత్రం తెలియదు. ఇది దాచుకునే దిక్కు. పుట్టించే దిక్కు కూడా ఉన్నది. తునికాకు కల్లం కాడ పోటీ ఉంటే, ఇప్పపువ్వు ఏరే చెట్ల కాడ ఇంకొకరు రావొద్దనుకుంటే, రాత్రిపూట వాగుల ఇసుక తోలేటప్పుడు ఎవరూ అటు దిక్కు రావొద్దనుకుంటే, "అటు పులి ఉన్నది" అని ఒక మాట వేస్తే చాలు. ఎవరు అన్నరో పేరు చెప్పం. ఈ సభల ఉన్నవాళ్లకు తెలుసు.

ఈ రెండింటి నడుమ నిజంగ చూసిన ఆడమనిషి మాట నలిగిపోతున్నది. చేన్లకు ముందుగ పోయేది మనం. కట్టెలకు పోయేది మనం. నీళ్లకు, చీకటితోటి చెంబు పట్టుకుని పోయేది మనం. చూసేది ముందు మనమే. చెప్తే "భయపడ్డది, కుక్కను చూసి ఉంటది" అంటరు. ఒక ఊరి సంఘం అక్క ఒక ఆఫీసుకు పోయి చెప్తే, "ఫొటో తీసినవా?" అని అడిగిండ్రంట. ఆ అక్క ఏమన్నదో విన్నప్పుడు మాకు నవ్వు రాలేదు, కోపం వచ్చింది. "సారూ, అది నన్ను చూస్తుంటే నేను ఫోన్ తీయాల్నా, పాణం తీసుకుని రావాల్నా?" అన్నది. పులి ముందర ఫొటో కోసం నిలబడుమనే పద్ధతి మాత్రం మన సంఘాలల్ల ఉండొద్దు. ఫొటో అడుగుది తీయండ్రి, జంతువుది కాదు. అడుగు పారిపోదు, మీద పడదు. పక్కన అగ్గిపెట్టె పెట్టి తీస్తే కొలత కూడా తెలుస్తది.

అందుకే గ్రామ సంఘాలల్ల జాడ పుస్తకం మొదలుపెట్టినం. కొత్త విద్య ఏం కాదు. పొదుపు పుస్తకం రాయడం మనకు వచ్చు గదా, అట్లనే ఇది. ఎవరు చూసిండ్రు, వాళ్లే చూసిండ్రా లేక విన్నరా, ఏ చేను కాడ, ఎన్ని గంటలకు, ఎంత దూరం నుంచి, ఏం చూసిండ్రు: ఒళ్లా, అడుగా, అరుపా, చచ్చిన పశువా. దాని పక్కన ఇంకో గడి. ఎవరు పోయి సరిచూసిండ్రు, ఏం తేలింది. విన్న మాటను విన్న మాట అనే రాయాలె, చూసినట్టు రాయొద్దు. రాసినామె సంతకమో, వేలిముద్రో పెట్టాలె. సంతకం పెట్టాలెనంటే సగం పుకార్లు అక్కడనే ఆగిపోతున్నయి. ఇది మేము కండ్లార చూసిన ఫలితం. "అందరు అంటున్నరు" అన్న మాటకు వేలిముద్ర వేసేటోళ్లు లేరు.

రాసిన మర్నాడే వీవోఏ అక్క బీటాఫీసరుకు ఫోన్ చేస్తది. ఆయన వచ్చి చూస్తే గడి నిండుతది, రాకుంటే రాలేదని రాస్తం. అడుగులు నిజమైతే వాళ్లు చెట్టుకు కెమెరా కడతరు. పులి చారలు ఒకదానివి ఇంకోదానికి కలవవు, మన వేలిముద్ర లెక్కనే. కెమెరాల ఫొటో పడితే అది పాత పులా, కొత్తదా, తల్లా, తిరుగుబోతు మగపులా అన్నది తెలుస్తది. పిల్లలున్న తల్లి అని తెలిస్తే ఆ వాగు దిక్కు ఎవరూ పోవద్దని గట్టిగ చెప్పొచ్చు. ఊరికే "పులి ఉన్నది" అని అంటే ఎన్ని రోజులని ఇంట్ల కూర్చుంటం? పొయ్యి వెలగాలె గదా.

ఇగ పశువుల లోన్ల సంగతి. ఇది శ్రద్ధగ వినండ్రి, బ్యాంకు వాళ్లు కూడా వినాలె. మన దగ్గర బర్రెలకు, మేకలకు, ఎడ్లకు తీసుకున్న అప్పులు చానా ఉన్నయి. జీవాన్ని పులి కొట్టినంక వాయిదా మాత్రం ఆగదు. ఒక గూడెంల ఇట్లనే అయింది. కోడె చచ్చింది. ఇంటాయన ఊరోళ్లను తోలుకపోయి దాన్ని గుంజుకొచ్చి, తోలు తీసి, బొంద పెట్టిండు. వాసన వస్తదని చేసిండు, తప్పు పట్టలేం. మూడో దినం సార్లు వస్తే చూపించడానికి ఏం లేదు. అడవి జంతువు చంపిందని రుజువు లేదు, బీమా వాళ్లకు చూపించడానికి చెవి ట్యాగు లేదు. ఆ చెల్లె పదకొండు నెలలు పత్తి కూలి పైసలతోటి చచ్చిన కోడె వాయిదా కట్టింది. సంఘం చెరిసగం పంచుకుందామంటే ఆమెనే వద్దన్నది.

అందుకని చెప్తున్నం. పశువు చచ్చిన చోటు నుంచి కదపొద్దు. మీద కొమ్మలు, టార్పాలిన్ కప్పండ్రి. చెవి ట్యాగు నంబరు ఫొటో తీయండ్రి, అడుగుల ఫొటో తీయండ్రి, గాయాల ఫొటో తీయండ్రి. అదే రోజు బీటాఫీసరుకు, పశువుల డాక్టరుకు, వీవోఏకు ముగ్గురికీ చెప్పాలె. పంచనామా కాగితం నకలు అడిగి తీసుకోవాలె, సిగ్గుపడొద్దు. పశువు దగ్గర రాత్రి కాపలా పండుకోవద్దు, కొట్టిన జంతువు తినడానికి మళ్లా వస్తది. లోన్ తీసుకునే రోజే ట్యాగు లేని జీవానికి చెక్కు ఇవ్వొద్దని ఉప కమిటీకి చెప్పినం. ట్యాగు వేసే సారు రాలేదని వారం ఆలస్యమైతే కానీయండ్రి.

పైసలు వస్తయని నమ్మకం లేకుంటే ఏమయితదో చూసినం గదా. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవుల్లో రెండు పులులు చచ్చిపోయినయి. అందులో ఒకటి విషం కలిపిన పశువు కళేబరం తిని చచ్చిందని కేసు అయింది, మనుషులు జైలుకు పోయిండ్రు. 2025 మేలో పెంచికల్‌పేట దిక్కు ఆడపులి కరెంటు తీగకు తగిలి చచ్చింది. పందుల కోసం పెట్టే ఆ తీగ పులిని ఒక్కదాన్నే చూడదు. చీకట్ల నీళ్లు పెట్టబోయే మన ఇంటాయనను చూడదు, కట్టెలకు పోయే మనల్ని చూడదు. తీగ పెట్టిన చేను తెలిస్తే ముందు ఆ ఇంటి ఆడమనిషితోటి మాట్లాడండ్రి. సంఘంల మాట నడిచినంత పంచాయతీల నడవదు.

మనిషి ప్రాణానికి పరిహారం ఉన్నది. కేంద్రం 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచింది. ఈ అంకె చెప్పాల్నా వద్దా అని పాలకవర్గంలో వాదన అయింది. చెప్పాలె అనే అనుకున్నం. హక్కు ఉన్నదని తెలియని ఇల్లు ఆఫీసుల చుట్టూ దేహీ అని తిరుగుతది. తెలిసిన ఇల్లు అడుగుతది.

ఇంకో భయం ఉన్నది, దాన్ని దాటేసి పోలేం. గూడేల అక్కలు మాకు మొహం మీదనే అన్నరు. "పులి ఉన్నదని పుస్తకంల రాస్తిరి. రేపు ఆ పుస్తకమే చూపించి అడవి మూసేస్తరు, పోడు గుంజుకుంటరు. అప్పుడు సమాఖ్య వస్తదా?" ఇది ఉత్త భయం కాదు. 2025 మే 30న 49 నంబరు జీవో వచ్చింది, కుమ్రంభీం పేరు మీద పులుల దారిని సంరక్షణ ప్రాంతంగా ప్రకటించిండ్రు. గూడేలన్నీ కదిలినయి, బంద్‌లు అయినయి, జులైలో ఆ జీవోను నిలిపి పెట్టిండ్రు. కాబట్టి అడిగిన అక్కలకు మేము తియ్యటి మాటలు చెప్పలేదు. పుస్తకం గ్రామ సంఘం బీరువాల ఉంటది, సంఘం ఆస్తి. గ్రామసభ తీర్మానం లేనిదే నకలు బయటికి పోదు. ఫోన్ చేసి చెప్పేది ఆనాటి జాడ ఒక్కటే. అట్ల తీర్మానం రాసినంకనే మూడు గూడేల సంఘాలు పుస్తకం తీసుకున్నయి. రెండు గూడేలు ఇంకా తీసుకోలేదు, వాళ్లను మేము బలవంతం పెట్టలేదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా ఉన్నవాళ్లు కాగితాలు జిరాక్సు తీయించి పెట్టుకోండ్రి. పులి ఒక్కటే కాదు, కాగితం లేకుండ ఉండుడు కూడా ప్రమాదమే.

పత్తి ఏరేటప్పుడు ఏం చేయాల్నో పాలకవర్గం కొన్ని కట్టుబాట్లు పెట్టింది. వివరంగ పుస్తకంలో ఉన్నయి, ముఖ్యమైనవి చెప్తం. మేస్త్రీ కూలి మాట్లాడేటప్పుడే "చేను పక్కన జాడ ఉన్నదా" అని అడగాలె, అబద్ధం చెప్పిన మేస్త్రీకి మన మండలంలో ఏ సంఘం మనిషీ కూలికి పోదు. జాడ ఉన్న ఊర్లల్ల మంచు విడిచి ఎండ వచ్చినంకనే దిగాలె, పొద్దు వాలక ముందే గట్టెక్కాలె. గంటలు తగ్గితే కూలి తగ్గిస్తరా అని అడిగిండ్రు. కిలో లెక్క ఏరేవాళ్లకు తగ్గుతది, నిజమే. ఆ నాలుగు వారాలు పొదుపు వాయిదా సగం కట్టినా జుర్మానా లేదని తీర్మానం చేసినం. వరుసల్ల విడిపోయి ఏరొద్దు, పక్కపక్కన ఏరాలె, నడుమ ఒకరు నిలబడి చూడాలె. ఆమె వాటా పత్తి మిగిలినవాళ్లు తలా ఇంత పోయాలె. ఈ మాట మీద మొదట గొడవ అయింది, ఇప్పుడు ముసలవ్వలను నిలబెడుతున్నరు. నడుములు నొయ్యకుండ కూలి దొరుకుతున్నదని వాళ్లు సంతోషంగనే ఉన్నరు.

తలకాయ ఎనుక దిక్కు మనిషి మొహం బొమ్మ కట్టుకునుడు 2024లో కాగజ్‌నగర్ దిక్కు అటవీ శాఖ వాళ్లు చేయించిండ్రు. సుందర్‌బన్‌లో 1980లలోనే మొదలైన పద్ధతి అది. పులి ఎక్కువగ ఎనుక నుంచే వస్తది, మొహం కనబడితే ఆగుతదని దాని ఉద్దేశం. మొదట మనోళ్లు నవ్విండ్రు, పిల్లలు జడుసుకున్నరు. దాని మీదనే భరోసా పెట్టొద్దు. పక్కన నలుగురు ఉండి గట్టిగ మాట్లాడుకునుడు అంతకన్నా మేలు. మాట్లాడుడు మనకు ఎవరూ నేర్పాల్సిన పని లేదు. ఎదురుపడితే ఉరకొద్దు, వీపు తిప్పొద్దు, వంగొద్దు. కొంగు ఎత్తి, చేతులు ఎత్తి పెద్దగ కనబడాలె, ఒక్కో అడుగు ఎనుకకు వేయాలె. దానికి పోవడానికి దారి విడవాలె. మొగపిల్లలు ఫోన్లు పట్టుకుని గుంపులు కట్టి దాని చుట్టూ మూగుడు అన్నింటికన్నా ప్రమాదం, ఇంట్ల మీ కొడుకులకు చెప్పండ్రి.

చిరుత తిరిగే ఊర్లల్ల మరుగుదొడ్డి లేని ఇండ్లు ఇంకా ఉన్నయి, కట్టినవి కొన్ని కట్టెలు పెట్టుకునే కొట్టాలు అయినయి. చీకటితోటి చెరువు కట్టకు ఒక్కతి పోవుడు ఆగాలె. మరుగుదొడ్డి బాగుచేసుకునేటోళ్లకు గ్రామ సంఘం నిధి నుంచి అప్పు ఇస్తున్నం, దరఖాస్తులు తక్కువ వచ్చినయి, ఇంకా ఇయ్యండ్రి. సాయంత్రం మీటింగులు అన్నీ నాలుగు గంటలకే ముగించాలె.

వేదిక మీది సార్లను మేము అడిగేది ఎక్కువ లేదు. ఫోన్ చేసిన రోజు రావాలె, రాలేకుంటే ఎప్పుడు వస్తరో చెప్పాలె. కెమెరాల ఏం పడ్డదో ఆ ఊరి సంఘానికి ముందు చెప్పాలె, మాకు పేపర్ల చూసి తెలిసే పరిస్థితి ఉండొద్దు. పశువు పరిహారం ఎంత మందికి రావాలె, ఎంత మందికి వచ్చింది అన్నది మూడు నెలలకోసారి ఈ హాల్లోనే చదవాలె, కార్యదర్శి అక్క పొదుపులు చదివినట్టు.

కొత్త జాడ పుస్తకాలు బయట టేబుల్ మీద ఉన్నయి. అధ్యక్షురాళ్లు సంతకం పెట్టి తీసుకపోండ్రి. తునికాకు కోతకు ముందే అన్ని ఊర్లల్ల ఒక్కసారన్నా అడుగులు గుర్తుపట్టుడు నేర్పియ్యాలె, మంగళవారం నుంచి మొదలు. మొదటి ఊరు ఏదో భోజనాలు అయినంక చీటీ తీస్తం. భోజనాల కాడ తొందరపడొద్దు, అందరికీ సరిపోను ఉన్నది.